తలదెబ్బకు అప్పగింత పరీక్ష చాలునా?

ఆటస్థలములో తలకు దెబ్బ తగిలిన పిల్లవాని మెదడు సరిగా పనిచేయుచున్నదో లేదో చూచుటకు అనేక దేశములలో వాడుకలో ఉన్న పత్రమొకటి కలదు. క్రీడలలో కన్‌కషన్‌ను అంచనా వేయు సాధనము అని దాని పేరునకు అర్థము. ఆంగ్లనామములోని మొదటి అక్షరములను కూర్చి వైద్యులు దానిని ‘స్కాట్’ అందురు. 2004లో ప్రేగ్ నగరమున జరిగిన సమావేశము దీనికి పుట్టినిల్లు. 2008లో జ్యూరిక్ నగరమున రెండవ రూపము, 2012లో అచ్చటనే మూడవ రూపము తయారైనవి. 2016లో బెర్లిన్‌లో కూడినది అయిదవ సమావేశము గనుక పత్రమునకును అయిదవ సంఖ్యయే వేసిరి. నాలుగవ స్కాట్ ఏదని వెదకువారికి అది ఎచ్చటను దొరకకపోవుటకు కారణమిదే. 2022 అక్టోబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమైన నిపుణులు సిద్ధపరచగా 2023లో ప్రకటితమైన ఆరవ రూపమే ఇచ్చట విమర్శకు తీసికొనబడినది.

ఒక పరీక్షాపత్రమును గ్రంథమువలె విమర్శించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని అదియు ఒక రచనయే. అందులో ఏ ప్రశ్నలు ఉన్నవి, ఏవి లేవు అనుదానిని బట్టి, దానిని కూర్చినవారు మెదడు చేయు పనులలో వేనిని ముఖ్యముగా ఎంచిరో తెలియును. పైగా ఈ రచన మీద ఒక విద్యార్థి సంవత్సరపు చదువు ఆధారపడవచ్చును. ఇందులో నెగ్గిన పిల్లవానిని ఇంటివారు నిశ్చింతగా బడికి పంపుదురు. బడిలో వాడు వెనుకటివలె లేకున్నచో, అప్పటికి దెబ్బ మాట అందరును మరచియుందురు గనుక, సోమరితనమనియో, పొగరనియో, వయసు చేష్టలనియో అందురు.

కన్‌కషన్ అనగా పుర్రె పగులుట కాదు. మెదడులో రక్తము గడ్డకట్టుటయు కాదు. తలకు గాని, మెడకు గాని, ఒంటిలో మరియొక చోట గాని తగిలిన దెబ్బ యొక్క ఊపు తలకు ప్రాకి మెదడు అదరుట. స్పృహ తప్పవలెనను నియమము లేదు, తప్పనివారే ఎక్కువ. సి.టి. స్కాన్ తీసినను చాలవరకు ఏమియు కనబడదు. కనబడనంత మాత్రమున ఏమియు జరుగలేదని కాదు. నాడీకణముల పొరలు సాగి, లోపల ఉండవలసిన పొటాషియము బయటికిని, బయట ఉండవలసిన కాల్షియము లోపలికిని పోవును. గట్లు తెగిన మళ్లలో నీరు ఇటుది అటు, అటుది ఇటు పారినట్లగును. ఆ నీటిని మరల ఎక్కడిది అక్కడకు చేర్చుటకు కణములు ఏతము తొక్కినట్లు శ్రమింపవలెను. ఆ శ్రమకు గ్లూకోజు అధికముగా కావలెను. సరిగా ఆ సమయముననే మెదడునకు వచ్చు రక్తము తగ్గును. అవసరము హెచ్చి సరఫరా తగ్గిన ఈ స్థితిని అమెరికాకు చెందిన గిజా, హోవ్డా అను శాస్త్రజ్ఞులు 2001లో ఒక వ్యాసమున విపులముగా వర్ణించిరి. ఆ తరువాత మెదడు కొన్ని దినముల వరకు మందకొడిగా నడచును. నాడీకణముల నుండి బయలుదేరు పొడవైన తంతువులు కూడ ఈ ఊపునకు సాగి కొంత దెబ్బతినవచ్చును. మెదడులోని దూరదూర ప్రదేశములను కలుపు తీగలు ఇవియే.

ఈ తీగల సంగతి ఈ విమర్శకు మూలము. 1861లో పారిస్ నగరమున పాల్ బ్రోకా అను వైద్యుడు, ఒకే శబ్దమును తప్ప దాదాపు మరేమియు పలుకలేని రోగి మరణించిన పిదప అతని మెదడును పరీక్షించి, ఎడమవైపు ముందుభాగమున గాయమును చూపెను. మాట పోవుట యనగా మెదడులో ఒక చోటు చెడుట అను భావము నాటినుండి స్థిరపడినది. కన్‌కషన్ తగిలిన విద్యార్థి మాట అట్లు పోదు. వానికి పదములు తెలియును, వ్యాకరణము తప్పదు, ఉచ్చారణ స్పష్టముగానే ఉండును. చెడునది పదములు వేళకు అందుట. సంభాషణయందు మనిషి ఎన్ని పనులు చేయునో చూడుడు. ఎదుటివాని మాట వినవలెను. దానికి ముందు మాటను జ్ఞాపకముంచుకొనవలెను. గొంతును బట్టి అది నిజమో వేళాకోళమో గ్రహింపవలెను. తన వంతు వచ్చుసరికి తగిన పదము వెదకి సిద్ధముగా ఉంచుకొనవలెను. నోటికి వచ్చిన అనవసరపు మాటను అణచుకొనవలెను. ఇవన్నియు ఒకటి రెండు క్షణములలో జరుగవలెను. ఇది మెదడులో ఒక చోట జరుగు పని కాదు. తీగలు మందగించినచో ఒక ప్రదేశము చెప్పినది మరియొక ప్రదేశమునకు ఆలస్యముగా అందును. అంతలో సంభాషణ దాటిపోవును.

దీనికి భాషాలోపమను పేరు చెల్లదు గనుక, ఆలోచనలోని చిక్కు వలన కలుగు సంభాషణలోని ఇబ్బంది అని నిపుణులు వేరుగా లెక్కించుచున్నారు. కెనడాకు చెందిన షీలా మెక్‌డొనాల్డ్ 2017లో ప్రకటించిన నమూనా ఈ విషయమున ఉపయోగకరమైనది. ఆలోచనాశక్తి, భాష, మనోభావములు, దేహస్థితి, మాట జరుగు పరిసరము – ఇవన్నియు కలిసియే ఒకని సంభాషణను నిర్ణయించునని ఆమె చూపెను. ఒక్కటి నిజము. ఈ ఇబ్బందులను గురించిన పరిశోధనలో పెద్దభాగము, మెదడునకు తీవ్రమైన గాయము తగిలిన వారిని చూచి చేసినదే. కన్‌కషన్‌లో ఇవి తక్కువ మోతాదులో ఉండును. అధికసంఖ్యాకులలో కొలది దినములలోనో, వారములలోనో తగ్గిపోవును. తల్లిదండ్రులు బెంబేలు పడనక్కరలేదు. కాని ఆ కొలది వారములలోనే త్రైమాసిక పరీక్ష ఉండవచ్చును, స్నేహము తెగవచ్చును, ఉపాధ్యాయుని మనసులో ఒక అభిప్రాయము గట్టిపడవచ్చును.

ఇక పత్రములోనికి పోవుదము. మొదట ఆసుపత్రికి వెంటనే పంపవలసిన ప్రమాదచిహ్నములు ఉండును. మాటిమాటికి వాంతులు, అంతకంతకు పెరుగు తలనొప్పి, మూర్ఛ, చేతులు కాళ్లు బలహీనపడుట, స్పృహ తగ్గుచుండుట వంటివి కనబడినచో ఏ పత్రముతోను పనిలేదు. పిల్లవానిని వెంటనే తీసికొనిపోవలెను. ఆడుచున్న స్థలమేది, చివర గోలు వేసినదెవరు, కిందటి ఆటలో గెలిచితిరా వంటి ప్రశ్నలు కొన్ని ఉండును. ఇవి ఆస్ట్రేలియాకు చెందిన మాడక్స్, ఆయన సహచరులు 1995లో ప్రకటించిన పరిశోధన నుండి వచ్చినవి. తరువాత 22 లక్షణముల పట్టిక. ఒక్కొక్కదానికి 0 నుండి 6 వరకు పిల్లవాడే మార్కు వేసికొనవలెను. పిదప నెల, తేదీ, వారము, సంవత్సరము, వేళ అడుగుదురు. పది పదములు చదివి వినిపించి జ్ఞాపకమున్నవి చెప్పుమందురు. అట్లు మూడు మారులు. అంకెల వరుసనొకటి చెప్పి తుదినుండి మొదటికి చెప్పుమందురు. నెలల పేర్లను డిసెంబరు నుండి వెనుకకు చెప్పుమందురు. నిలుకడ, నడక చూచిన పిదప, అయిదు నిమిషములకు తక్కువ కాని వ్యవధి ఇచ్చి, ఆ పది పదములనే మరల అడుగుదురు. అంతయు సరిగా చేయుటకు కనీసము 10 నుండి 15 నిమిషములు పట్టును.

ఇందులో మెచ్చదగినది చాల ఉన్నది. యంత్రము అక్కరలేదు, ఖర్చు లేదు. రెండు వేళ్లు చూపి ఇవి ఎన్ని అని అడిగి పిల్లవానిని మరల ఆటలోనికి తోయు కాలముతో పోల్చినచో ఇది గొప్ప ముందడుగు. ఆ తోయుట వలన ఏమి జరుగునో చెప్పుటకు ఒక సంఘటన చాలును. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమున 13 ఏండ్ల బాలుడొకడు ఫుట్‌బాల్ ఆటలో తలకు దెబ్బ తగిలిన పిదప అదే ఆటలో తిరిగి ఆడి, ఆట ముగియగానే కుప్పకూలి, దీర్ఘకాలము అవిటితనము అనుభవించెను. 2009లో ఆ రాష్ట్రము వాని పేరిట చట్టము చేసినది. 2014 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రములలోను అట్టి చట్టములు వచ్చినవి. గమనింపదగిన దేమనగా, ఆ చట్టములు చాలవరకు పిల్లవాడు మైదానమునకు ఎప్పుడు తిరిగి రావచ్చునని నిర్ణయించినవి. తరగతిగదికి ఎట్లు తిరిగి రావలెనో చెప్పినవి తక్కువ. స్కాట్ కూడ ఆ మైదానపు బిడ్డయే. దాని గుణములును, దోషములును అచ్చటివే.

మొదటి దోషము, అందలి ఆలోచనా ప్రశ్నలన్నియు అప్పగింతలే. వినినదానిని చెప్పుట, వినినదానిని తిరుగవేసి చెప్పుట, కొంతసేపు దాచియుంచి చెప్పుట. మన బడులలో అప్పగింతకును భావము చెప్పుటకును గల తేడా తెలుగు ఉపాధ్యాయులకు ఒకరు చెప్పవలసిన పని లేదు. పద్యమును గుక్క తిప్పుకొనకుండ అప్పగించిన పిల్లవాడు, దాని భావమును సొంత మాటలలో చెప్పుమన్నప్పుడు తడబడుట వారు నిత్యము చూచునదే. కన్‌కషన్ తగిలినవానిలో ఈ తేడా మరింత హెచ్చును. పూర్వము కంఠస్థము చేసినది చెక్కుచెదరక వచ్చును. ఇప్పటికిప్పుడు కూర్చి చెప్పవలసినది రాదు. చిన్న కథ చదివి క్లుప్తముగా చెప్పుమన్నచో మొదలుపెట్టును, చిన్న విషయమొకదాని దగ్గర ఆగిపోవును, చెప్పినదే చెప్పును, చివరకు ‘అదేనండీ’ అని ఊరకుండును. అట్లు కథ చెప్పించుట గాని, ఒక విషయమునకు కారణములు చెప్పించుట గాని స్కాట్‌లో ఎక్కడను లేదు. వైద్యుని గదిలో దెబ్బ తగిలి కొన్ని దినములైన పిదప వాడుటకు అదే సమావేశము సిద్ధపరచిన పెద్ద పత్రమునందును లేదు. అందులో రక్తపు పోటు, మెడ, కంటిచూపు, నిద్ర, దిగులు అన్నియు ఉన్నవి; పిల్లవాడు నాలుగు వాక్యములు వరుసగా చెప్పగలడా అనునది మాత్రము లేదు.

రెండవది పరీక్ష జరుగు తీరు. నిశ్శబ్దమైన చోట, ఒకే మనిషి ఎదుట, ఒక్కొక్క పనిని విడివిడిగా చేయింతురు. అష్టావధానము చూచినవారికి ఇచ్చట లోపించినదేమో వెంటనే తట్టును. అవధానికి ధారణ ఒక్కటే పరీక్షయైనచో ఎనమండుగురు పృచ్ఛకులు ఎందుకు? ఒకరు సమస్య ఇచ్చి, ఒకరు అక్షరమును నిషేధించి, ఒకరు గంట కొట్టుచు ఉండగా, అప్రస్తుత ప్రసంగము చేయువారు నడుమ పిడకలవేట తెచ్చి పెట్టుదురు. అంత కలకలములో చెదరక నిలిచినదే అవధానము. ఉన్నత పాఠశాలలోని తరగతిగది దీనికి చిన్న నమూనా. నల్లబల్ల మీది లెక్క చూడవలెను, ఉపాధ్యాయుని మాట వినవలెను, పుస్తకములో వ్రాసికొనవలెను. పక్కవాని గుసగుస, వరండాలో అడుగుల చప్పుడు, పంకా కిర్రుమనుట వినబడుచునే ఉండును. స్కాట్ ధారణను మాత్రమే చూచి అవధానమునకు మార్కులు వేయుచున్నది. ఆ పత్రములో నడకను, లెక్కను కలిపి చేయించు అంశమొకటి ఐచ్ఛికముగా చేర్చిరి; ఆ దిశలో అది మంచి మొదలు, కాని అదియు కాళ్ల తడబాటును పట్టుటకే గాని మాట తడబాటును పట్టుటకు కాదు.

లక్షణముల పట్టికను చూచినచో ఈ లోపము మరింత స్పష్టమగును. తలనొప్పి, వికారము, కళ్లు తిరుగుట, వెలుతురు చప్పుడు సహింపకపోవుట మొదలు నిద్ర పట్టకపోవుట వరకు 22 ఉన్నవి. ఏకాగ్రత కుదరకుండుట, జ్ఞాపకము రాకుండుట, మందముగా ఉన్నట్లు తోచుట, మంచులో ఉన్నట్లుండుట కూడ ఉన్నవి. ఇవి చేర్చినందుకు కూర్చినవారిని అభినందింపవలెను. కాని తగిన పదము తట్టకుండుట లేదు. నలుగురు మాట్లాడుచుండగా అందుకొనలేకుండుట లేదు. చదివినదానిని మరల మరల చదువవలసి వచ్చుట లేదు. ఈ మూడును తరగతిలో మొట్టమొదట బయటపడునవి. అడుగని ప్రశ్నకు 15 ఏండ్ల పిల్లవాడు తానై జవాబు చెప్పడు. ఏమిరా అట్లున్నావు అనిన ‘ఏమీ లేదు’ అనుట ఆ వయసు ధర్మము.

వయసు మాట వచ్చినది గనుక మరియొక సంగతి. ఈ సమావేశములు చిన్నపిల్లలకు వేరు పత్రమును చేసినవి. ఆరవ రూపములో అది 8 నుండి 12 ఏండ్ల వారికి. అందులో పిల్లవాడు చెప్పిన లక్షణములతో పాటు తల్లిదండ్రులు చూచిన లక్షణములకు వేరుగా పట్టిక ఉన్నది. పదమూడవ పుట్టినరోజు రాగానే ఆ రెండవ పట్టిక మాయమగును. ఎనిమిదవ తరగతి పిల్లవానికిని, ముప్పది ఏండ్ల క్రీడాకారునికిని ఒకటే పత్రము. ఇది ఏ శాస్త్రము ప్రకారమో తెలియరాదు. మెదడు ముందుభాగము ఇరువది ఏండ్లు దాటిన పిదప గాని పూర్తిగా పరిపక్వము కాదని అందరు శాస్త్రజ్ఞులును అంగీకరించినదే. ముందుచూపు, నిగ్రహము, ఒకేసారి రెండు విషయములను మనసులో ఉంచుకొనుట దాని మీద ఆధారపడిన పనులు. పైగా 13 నుండి 18 వరకు గల కాలముననే బడి భాష మారిపోవును. చిన్న వాక్యముల స్థానమున సంక్లిష్ట వాక్యములు, కథల స్థానమున వాదములు, ఉన్నమాట స్థానమున అలంకారము, ధ్వని వచ్చును. స్నేహితుల మధ్య మాటయు మారును. ఆలస్యముగా వచ్చినవానిని చూచి ‘ఎంత పెందలకడనే వచ్చితివి!’ అనిన, నవ్వవలెనే గాని గడియారము చూచి జవాబు చెప్పరాదు. అర నిమిషము ఆలస్యముగా నవ్వువానిని ఆ గుంపు ఎక్కువ దినములు భరించదు. ఇంకను కట్టుచున్న ఇంటికి తగిలిన దెబ్బను, కట్టి ముగించిన ఇంటికి తగిలిన దెబ్బతో సమానముగా లెక్కించుట ఈ పత్రములోని పెద్ద పొరపాటు.

వేగము సంగతియు ఇట్టిదే. కెనడాలోని తొమ్మిది ఆసుపత్రుల అత్యవసర విభాగములకు తలదెబ్బతో వచ్చిన 5 నుండి 18 ఏండ్ల పిల్లలను పరిశీలించి రోజర్ జెమెక్, ఆయన సహచరులు 2016లో ఒక ప్రసిద్ధ నివేదికను ప్రకటించిరి. 3,063 మందిని చేర్చుకొనగా 2,584 మంది విషయము 28 దినముల వరకు తెలిసినది. వారిలో 801 మందికి, అనగా నూటికి 31 మందికి, అప్పటికిని లక్షణములు పోలేదు. ఎవరికి ఆలస్యమగునో మొదటి దినమే చెప్పగల చిహ్నములను వారు తొమ్మిదింటిని ఏరిరి. 13 ఏండ్లు దాటుట అందులో ఒకటి, ఆడపిల్లయగుట ఒకటి, పూర్వము పార్శ్వపు తలనొప్పి ఉండుట ఒకటి. వానితో పాటు, అడిగిన ప్రశ్నకు ఆలస్యముగా జవాబు చెప్పుట కూడ ఒకటి. ఏ పరికరమును అక్కరలేని చిహ్నమిది. స్కాట్‌లో నెలలు తిరుగవేయుటకు మాత్రము కాలమును లెక్కింతురు. మిగిలిన ప్రశ్నలకు జవాబు ఒప్పైన చాలును, వెంటనే వచ్చినను మార్కు అంతే, ఎంతో ఆలోచించి చెప్పినను మార్కు అంతే. అడిగినదానికి తగిన జవాబు చెప్పలేకపోవుటను మైదానమున చూడవలసిన చిహ్నములలో చేర్చియే ఉన్నారు. కాని అది ఎదురుగా కనబడునంత గందరగోళమునకు వర్తించును. ఒప్పు జవాబు ఆలస్యముగా చెప్పువాడు ఆ వలలో పడడు.

మొదటి పరీక్షలో నెగ్గుట తుదితీర్పు కాదనుటకు క్రికెట్ చూచువారందరికి తెలిసిన ఉదాహరణము కలదు. 2019 ఆగస్టు 17న లార్డ్స్ మైదానమున జోఫ్రా ఆర్చర్ వేసిన బంతి స్టీవ్ స్మిత్ మెడకు తగిలినది. అతడు బయటికి పోయి, పరీక్షలలో నెగ్గి, తిరిగి వచ్చి, 92 పరుగులకు అవుటయ్యెను. మరునాటి ఉదయమునకు లక్షణములు బయటపడగా ఆ ఆటనుండి తప్పుకొనెను. అతని స్థానమున ఆడిన మార్నస్ లబుషేన్ టెస్టు క్రికెట్టులో కన్‌కషన్ నిబంధన కింద వచ్చిన మొదటి మారుటాటగాడు. స్కాట్ పత్రము కూడ ఈ సంగతిని దాచలేదు. పరీక్ష మామూలుగా ఉన్నను కన్‌కషన్ ఉండవచ్చునని, నిర్ణయము వైద్యునిదే గాని మార్కులది కాదని, దెబ్బ తగిలిన మొదటి మూడు దినములలో ఇది బాగుగా పనికివచ్చునని, ఏడు దినముల వరకు కొంత ఉపయోగపడునని స్పష్టముగా వ్రాసియున్నారు. దోషము పత్రమును చదువక మార్కులను మాత్రము చదువువారిది. పదియవ దినమున, ఇరువదియవ దినమున పిల్లవానికి దీనినే పెట్టి, మార్కులు వచ్చినవి గనుక మెదడు బాగుగా ఉన్నదనువారు దాని కర్తల మాటనే తోసివేయుచున్నారు.

తెలుగువారికి మరియొక చిక్కు కలదు. అంకెలను తిరుగవేసి చెప్పుట ఏ భాషలోనైనను ఒకటే కాదు. వేల్స్ దేశమున వెల్ష్, ఆంగ్లము రెండును తెలిసిన వారిని పరీక్షించి, వెల్ష్ అంకెల పేర్లను పలుకుటకు ఎక్కువ కాలము పట్టును గనుక ఆ భాషలో వారికి తక్కువ అంకెలు జ్ఞాపకముండుచున్నవని 1980లో ఎల్లిస్, హెన్నెల్లీ అను పరిశోధకులు చూపిరి. ఆంగ్లమున ఏడు తప్ప 1 నుండి 9 వరకు అంకెలన్నియు ఏకాక్షర శబ్దములు. మన ఒకటి, ఎనిమిది, తొమ్మిదులను వానితో పోల్చి చూడుడు. నెలల పేర్లును అంతే. జనవరి, ఫిబ్రవరి మన పిల్లలకు వచ్చును గాని, ఫాల్గుణము నుండి చైత్రమునకు తిరుగవేయుమనిన ఆరోగ్యవంతులైన పెద్దలే ఆగి ఆలోచింతురు. ఆంగ్లమున ఏర్పరచిన మార్కులను, మాటలు తెనిగించి, తెలుగు పిల్లవానికి వర్తింపజేయుట తగదు. దెబ్బకు ముందు వాడే ఎట్లు చెప్పెడివాడో దానితో పోల్చవలెను. మన రాష్ట్రములలో పిల్లల తలలకు దెబ్బలు కబడ్డీ బరిలోనే కాదు, మేడమెట్ల మీదను, శిరస్త్రాణము లేక ఎక్కిన ద్విచక్రవాహనముల మీదను తగులుచుండగా, అట్టి ముందు లెక్క ఎవరి దగ్గరను ఉండదు.

విశ్రాంతి విషయమున మాత్రము ఈ సమావేశములు తమ తప్పును తామే దిద్దుకొన్నవి. కొంతకాలము క్రిందటి వరకు కన్‌కషన్ తగిలినవానిని చీకటిగదిలో పడుకొనబెట్టి, పుస్తకము తీయనీయక, మాట్లాడనీయక ఉంచుట మంచిదనుకొనెడివారు. 2015లో అమెరికాలోని మిల్వాకీ నగరమున 11 నుండి 22 ఏండ్ల వారిని రెండు భాగములు చేసి, ఒకరికి అయిదు దినముల కఠిన విశ్రాంతి, మరియొకరికి ఒకటి రెండు దినముల విశ్రాంతి చెప్పి చూచిన ఫలితములను ప్రకటించిరి. కఠిన విశ్రాంతి పొందినవారే ఎక్కువ లక్షణములు చెప్పిరి. వారివి తగ్గుటకే ఎక్కువ దినములు పట్టినవి. ఆమ్‌స్టర్‌డామ్ పత్రము ఇప్పుడు చెప్పునది మెట్లు మెట్లుగా పోవుట: మొదట ఇంట 5 నుండి 15 నిమిషముల చిన్న పనులు, పిదప ఇంటివద్దనే కొంత చదువు, పిదప కొన్ని గంటలు బడి, చివరకు పూర్తి బడి. ఇది సబబైన మార్గము.

కాని దానితో పాటు చెప్పిన లెక్క ఒకటి కొంత తొందరపాటుతో కూడినది. అన్ని వయసుల క్రీడాకారులలోను నూటికి 93 మంది, పది దినములలో, చదువులో ప్రత్యేక సహాయమేదియు లేకుండ పూర్తిగా బడికి తిరిగిపోవుచున్నారని అందులో ఉన్నది. జెమెక్ నివేదికలోని నూటికి 31తో దీనిని పక్కన పెట్టినచో చదువరికి తికమక కలుగును. రెండును తప్పు కాదు. ఒకటి క్రీడాకారుల లెక్క, రెండవది అత్యవసర విభాగమునకు రావలసి వచ్చిన పిల్లల లెక్క. ఒకటి బడికి పోవుటను లెక్కించినది, రెండవది లక్షణములను లెక్కించినది. బడికి పోవుట, బడిలో పాఠము అందుకొనుట ఒకటే అని ఏ ఉపాధ్యాయుడును అనడు. హాజరుపట్టీలో ‘వచ్చెను’ అని ఉన్నవాడు మనసా వచ్చెనో లేదో పట్టీకి తెలియదు. సహాయము లేకుండ తిరిగిపోయెననుట సహాయము అక్కరలేదనుటకు గుర్తా, లేక అడుగువారు లేరనుటకు గుర్తా? ఆ అంకె ఈ రెంటిని వేరు చేయజాలదు.

ఇన్ని దోషములు చెప్పిన పిదప, ఈ పత్రములోని అన్నిటికన్న మంచి ప్రశ్న ఏదో చెప్పుట న్యాయము. అది చివర, నిర్ణయము వ్రాయు చోట, ఒక్క గీటుతో సరిపెట్టబడినది: ఈ పిల్లవాడు మీకు ఇదివరకు తెలిసినవాడైనచో, ఎప్పటివలె ఉన్నాడా, వేరుగా ఉన్నాడా? పది పదముల జాబితా చేయలేని పనిని ఈ ప్రశ్న చేయగలదు. కాని దీనిని వేసినది వైద్యునికి. జట్టుతో తిరుగు వైద్యునికి ఆటగాడు తెలియవచ్చును. మన ఊళ్లలో ఆసుపత్రి వైద్యుడు ఆ పిల్లవానిని చూచుట అదే మొదటిసారి. అతడు ‘వర్తించదు’ అను గడిలో గీటు పెట్టును. సంవత్సరమంతయు దినమునకు అయిదారు గంటలు వానిని చూచుచు, వాని చేతివ్రాత, వాని అల్లరి, ఏ బల్లమీద కూర్చుండి ఎవరితో మాట్లాడునో ఎరిగిన ఉపాధ్యాయుని ఆ ప్రశ్న అడుగరు.

అడుగకున్నను చెప్పవచ్చును. దెబ్బ తగిలిన పిల్లవాడు బడికి తిరిగి వచ్చిన పిదప రెండు మూడు వారములు ఉపాధ్యాయుడు గమనింపదగినవి ఇవి. నోటిలెక్కకు జవాబు ఒప్పుగానే, కాని మునుపటికన్న ఆలస్యముగా వచ్చుచున్నదా. ‘అది’, ‘ఆ వస్తువు’ అని పేర్లకు బదులు సర్వనామములు హెచ్చినవా. రెండు మూడు సూచనలు ఒకేసారి ఇచ్చినచో మొదటిది మాత్రము చేసి ఆగుచున్నాడా. వ్యాసములో వాక్యములు చిన్నవై, ‘కావున’, ‘అయినను’ వంటి కలుపు మాటలు తగ్గినవా. ఉదయపు తరగతులలో బాగుగా ఉండి, మధ్యాహ్నము నాలుగవ గంట కొట్టునప్పటికి వాడిపోవుచున్నాడా. విరామ సమయమున గుంపు వదలి వేరుగా నిలుచుచున్నాడా. తేదీలతో వ్రాసిన అట్టి చీటి ఒకటి, దెబ్బకు ముందు వ్రాసిన నోటుపుస్తకపు పుట ఒకటి, తరువాత వ్రాసినది ఒకటి జతచేసి తల్లిదండ్రుల చేత వైద్యునికి పంపినచో, ఆయన దగ్గర ఉన్న మార్కుల పక్కన పెట్టి చూచుటకు వీలగును. ఆ లోపల నోటితో అడుగు ప్రశ్నకు కొంత వ్యవధి ఇచ్చుట, పాఠపు ముఖ్యాంశములను కాగితము మీద వ్రాసి ఇచ్చుట, పరీక్షకు పావుగంట అదనముగా ఇచ్చుట ఏ బడిలోనైనను ప్రధానోపాధ్యాయుని అనుమతితో చేయదగిన పనులు.